ముంగటి గది తాళంచెవి

"ఆ పుస్తెలతాడు తీసి అవ్వకియ్యి. తొవ్వల దొంగలుంటరు," అన్నాడు భూపాల్, సైకిల్ చెయినుకు నూనె పెడుతూ.

బియ్యం చెరుగుతున్న సాయిలత చేతిలో చాట ఆగింది. ఆగింది భర్త మాటకు కాదు. ఆయన ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ మాటలను ఫ్యాను చప్పుడులాగే వింటోంది. చాట ఆగింది అత్త మంగవ్వ ఊరుకున్నందుకు. గడప పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతున్న మంగవ్వ ఆ మాటకు తల కూడా ఎత్తలేదు. ఏడేళ్ల కింద సాయిలత కడుపునొప్పికి స్కానింగుకు పోతే, గొలుసు తీయమన్నందుకు అక్కడి పిల్లతో "పుస్తెలు తియ్యమంటానికి నీకు నోరెట్లొచ్చిందే?" అని గంటసేపు కొట్లాడింది ఈ మంగవ్వే. ఈరోజు సొంత కొడుకు అదే మాట అంటే, చిక్కుడుకాయలో పురుగు కోసం వెతుకుతోంది.

అసలు ఈ యాత్రే ఒక అనుమానం. భూపాల్‌కు కామారెడ్డిలో బోరుమోటార్ల దుకాణం ఉంది. రెండేళ్ల కింద షుగరు బయటపడితే డాక్టరు నడవమన్నాడు. నడక ఊరంతా నడిచేదే కాబట్టి ఆయన గేర్ల సైకిలు కొన్నాడు. తర్వాత హెల్మెట్టు వచ్చింది, నల్లకళ్లద్దాలు వచ్చాయి, ఒంటికి అతుక్కుపోయే పొట్టి లాగు వచ్చింది. అది తొడుక్కుని మొదటిసారి బయటికొచ్చిన రోజు మంగవ్వ "మీద ప్యాంటు మరిచినవు బిడ్డా" అని లోపలికి పంపింది. ఆదివారాలు నలుగురితో కలిసి తొక్కి రావడం, ఆ వీడియోలు ఫోనులో పెట్టడం అలవాటయింది. పొద్దున్నే లేచి ఆయనకు జొన్నరొట్టెలు కట్టిచ్చిన చేతులు మాత్రం ఏ వీడియోలోనూ కనపడవు.

అట్లాంటి మనిషి పదిరోజుల కింద అన్నం తింటూ, "లతా, ఈసారి మనిద్దరమే పోదాం," అన్నాడు. "నాలుగు రోజులు. ఎల్లారెడ్డి, నిజాంసాగర్, పెద్దకొడప్‌గల్, బాన్సువాడ, నస్రుల్లాబాద్, మళ్ల ఇంటికి. గుడారంల పండుకుందాం. ఎన్నడన్న నిన్ను యాడికన్న తీస్కపోయిన్నా?"

తీసుకుపోలేదు. ఆ విషయంలో ఆయన మాటలో అబద్ధం లేదు.

సాయిలతకు సైకిలు కొత్త కాదు. ఎల్లారెడ్డి పక్క ఊరు ఆమెది. ఇంటర్ రెండేళ్లూ వెనక క్యారియర్ మీద స్నేహితురాలు గంగను ఎక్కించుకుని, గాలికి ఎదురు తొక్కుకుంటూ కాలేజీకి పోయేది. డిగ్రీ అయ్యాక పెళ్లయింది, ఆమె వెంట ఆ సైకిలు కూడా కామారెడ్డి వచ్చింది. "మా ఇండ్లల్ల ఆడోళ్లు సైకిల్ తొక్కరు," అంది మంగవ్వ. వారం తిరగకుండా దానికి పాలాయన క్యాన్లు వేలాడాయి. ఇరవై రెండేళ్ల తర్వాత ఇప్పుడు భూపాల్ ఎవరి దగ్గరో పాత లేడీస్ సైకిలు ఒకటి తెచ్చి ఆమె ముందు పెడితే, మంగవ్వ దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టింది. అనుమానం రాకపోతే ఎట్లా?

ఆమెకు ఆ ఇంట్లో తనదంటూ ఉన్నది ముంగటి గది. రోడ్డు వైపు షట్టరున్న ఆ గదిలో ఒకప్పుడు కాలిపోయిన మోటార్లు పడేసేవారు. ఆరేళ్ల కింద ఆ తుక్కంతా తానే ఎత్తిపోసి, సున్నం వేసుకుని, మగ్గం పెట్టుకుంది. నేసే మగ్గం కాదు. మంచమంత చట్రానికి జాకెట్టు గుడ్డ బిగించి, సూదితో చెమ్కీలు, ముత్యాలు, జరీ పువ్వులు కుట్టేది. స్వాతి అనే అమ్మాయి పనికి వస్తుంది. పెళ్లిళ్ల కాలంలో మాచారెడ్డి నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. భూపాల్ చుట్టాలతో "టైంపాస్‌కు ఏదో కుట్టుకుంటది" అంటాడు. లోపల నుంచి ఆమె గడియ పెట్టుకోగలిగిన చోటు ఆ ఇంట్లో అదొక్కటే. స్నానాలగది గడియ రెండేళ్ల కింద ఊడిపోయింది. ఆదివారం బిగిస్తానన్నాడు భూపాల్. ఆదివారాలు సైకిలుకు పోయాయి.

మూడు నెలల కింద మరిది నగేశ్ దుబాయి నుంచి వచ్చేశాడు. ఇక పోడట, చికెన్ సెంటర్ పెడతాడట. ఒకరోజు అందరూ తింటుండగా, "ముంగటి గది రోడ్డుకే ఉన్నది గదా," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా చారు గిన్నెతో.

"అండ్ల నా మగ్గమున్నది," అంది సాయిలత.

తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆమెకు నచ్చలేదు. ఆ ఇంట్లో తేలని సంగతికి అరుపులుంటాయి. తేలిపోయిన సంగతికే ఊరుకోవడం ఉంటుంది.

ఆ గది తాళంచెవి ఆమె పుస్తెలతాడుకే ఉంటుంది, నాలుగు పిన్నీసుల నడుమ.

అందుకని ఆ మధ్యాహ్నం సాయిలత చాట పక్కన పెట్టి, స్నానాలగదిలోకి పోయి, గడియ లేని తలుపుకు కాలు అడ్డం పెట్టి, పుస్తెలతాడు తీసింది. గది తాళంచెవిని విప్పి, దాని జాగాలో ఎప్పుడో పారేసిన ఇనుప పెట్టె తాళంచెవిని తగిలించింది. రెండూ ఒకే సైజువి. బంగారం తీసినప్పుడు ఆడవాళ్లు పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుంటారు కదా, ఆమె కూడా పసుపుతాడు కట్టుకుంది. కొమ్ముకు బదులు ఏం కట్టిందో మాత్రం జాకెట్టు లోపలికి తోసేసింది. ఇదంతా చేస్తూ తనను తానే తిట్టుకుంది కూడా. పాపం, మనిషి ప్రేమగా రమ్మంటే దొంగబుద్ధి నాదేనేమో అనుకుంది.

బయటికొచ్చి పుస్తెలతాడు అత్త చేతిలో పెట్టింది. బంగారం చేతికొస్తే అరచేతిలో ఆడించి బరువు చూడటం మంగవ్వకు అలవాటు. ఈసారి ఆడించలేదు. ఆమె బొటనవేలు పుస్తెలను దాటి, పిన్నీసులను దాటి, తిన్నగా తాళంచెవి మీదికి పోయి ఆగింది.

సాయిలత తనను తాను తిట్టుకోవడం మానేసింది.

మరునాడు పొద్దున బయల్దేరారు. భూపాల్ సైకిలు వేగానికి చేసింది కాబట్టి దానికి క్యారియర్ ఉండదట. అందుకని చిన్న గ్యాసు పొయ్యి, కుక్కరు, బియ్యం, పప్పు, ఉప్పు కారాల డబ్బా, గుడారం, రెండు దుప్పట్లు సాయిలత సైకిలెక్కాయి. ఆయన సైకిలుకు నీళ్ల సీసా, గాలిపంపు, ఫోను పెట్టే కొక్కెం. గేటు ముందు ఫోను తనవైపు తిప్పుకుని, "ఫ్రెండ్స్, ఈసారి మా మేడంతోని. భార్యాభర్తలంటే సైకిల్‌కు రెండు చక్రాల లెక్క," అన్నాడు. క్యారియర్ ఏ చక్రం మీద ఉంటుందో చెప్పలేదు.

తాడ్వాయి దాకా సగం రోడ్డు మీద వడ్లు ఎండబోసి ఉన్నాయి. వడ్ల చుట్టూ రాళ్లు, రాళ్ల పక్కన లారీలు, మిగిలిన సందులో వీళ్లు. కాళ్లతో వడ్లు తిరగేస్తున్న ఒక ముసలామె సాయిలత బరువు చూసి కేకేసింది.

"ఏం బిడ్డా, గిన్ని సామాన్లేస్కొని పోతున్నవ్? కొట్లాడి పుట్టింటికి పోతున్నవా?"

"కాదవ్వా, మా ఆయన షికారుకు తీస్కపోతుండు!"

"మరాయనేడి?"

సాయిలత ముందుకు చూపించింది. దూరంగా ఎర్ర హెల్మెట్టు అగ్గిపుల్ల తలంత కనపడుతోంది. ముసలామె చేయి అడ్డం పెట్టుకుని చూసి, "మంచిగ తీస్కపోతుండు," అని మళ్లీ వడ్లలో పడింది.

తాడ్వాయిలో చాయ తాగుతుంటే భూపాల్ ఫోను మోగింది. పేరు చూసి లేచి రోడ్డవతలికి పోయాడు. ఇంట్లో పక్కన ఎవరు కూర్చున్నా స్పీకరు పెట్టి అరిచే మనిషి, చెట్టు వైపు తిరిగి గుసగుసలాడుతున్నాడు. తిరిగొచ్చి, "లతా, ఇంట్ల తాళాలన్ని సరిగున్నయి గద?" అని అడిగాడు.

"అన్ని సరిగనే ఉన్నయి. ఎందుకు?"

"ఊకెనే."

ఆ తర్వాత ఒక దిగుడు వచ్చింది. పొడుగ్గా, ఖాళీగా, రెండు వైపులా అడవి. సాయిలత పెడలు ఆపింది. కుక్కరు మూత టకటకలాడింది, పైట చెవుల పక్క కొట్టుకుంది. ఎవరూ లేరని చూసుకుని ఒక్క క్షణం హ్యాండిలు మీంచి రెండు చేతులూ తీసింది. బరువున్న సైకిలు కొంచెం తొణికి, నిలబడింది. గంగను వెనక ఎక్కించుకుని ఇట్లాగే చేసి, ఇద్దరూ కలిసి వడ్ల కుప్పలో పడ్డ రోజు గుర్తొచ్చి గట్టిగా నవ్వింది. ఒళ్లు ఏదీ మరిచిపోలేదు. అప్పుడు ఆమెకు ఒక కోరిక పుట్టింది. బంగారం కాదు, చీర కాదు. తన అనుమానం అబద్ధం కావాలని కోరుకుంది.

లింగంపేటలో భూపాల్ సీతాఫలాలు కొన్నాడు. అన్నిట్లో పెద్దది చూసి, విప్పి, సగం ఆమె చేతిలో పెట్టాడు. ఇరవై రెండేళ్లలో పండు విప్పి ఆమె చేతికిచ్చింది అదే మొదటిసారి. నోట్లో గింజ తిప్పుతూ, చెప్పేద్దామా అనుకుంది. తాళంచెవి నా దగ్గరే ఉంది, నేనే పిచ్చిదాన్ని, ఏదో ఊహించుకున్నా అని చెప్పి ఇద్దరూ నవ్వుకోవచ్చు. అంతలో ఫోను మోగింది. భూపాల్ తన సగం పండు ఆమెకిచ్చి దూరంగా పోయాడు. వచ్చేసరికి నుదుట చెమట.

"నీ పుస్తెలతాడుకొక తాళంచెవి ఉంటది గద, అది దేనిది?"

"అదా? ఎన్నటినుంచో ఉన్నది. దేనిదో ఏమో. ఎందుకు?"

"ఊకెనే. అవ్వ అడుగుతున్నది."

"అత్తమ్మకు నేను ఫోను చెయ్యాల్నా మరి?"

"వద్దొద్దు. పండు తిను."

తింది. రెండు సగాలూ తింది. గింజలు ఒక్కొక్కటే ఊసింది.

ఎల్లారెడ్డిలో తన కాలేజీ గేటు ముందు సాయిలత ఒక కాలు నేల మీద పెట్టింది. గేటు రంగు మారింది కానీ పక్కన సైకిళ్లు ఆనించే గోడ అట్లాగే ఉంది. "ఆగకు, యావరేజ్ స్పీడ్ పడిపోతది," అని ముందు నుంచి అరిచాడు భూపాల్.

ఊరు దాటాక కోత అయిపోయిన పొలంలో, కాలువ పక్కన గుడారం వేశారు. వేశారంటే, సాయిలత కర్రలు పాతుతుంటే భూపాల్ వీడియో తీశాడు. ఆమె నీళ్లు తెచ్చింది, పొయ్యి ముట్టించింది, గాలికి మంట ఆరిపోకుండా పైట అడ్డం పట్టింది, పప్పు పెట్టింది, గిన్నెలు మట్టితో తోమింది. వంటింటికి గోడలు తీసేస్తే దాన్ని క్యాంపింగ్ అంటారని ఆమెకు ఆ సాయంత్రం అర్థమయింది. భూపాల్ కాళ్లు చాపుకుని, ప్రకృతిలో మనిషికి ఎంత విశ్రాంతి దొరుకుతుందో ఫోనుకు చెబుతున్నాడు. మధ్యలో మూడుసార్లు ఫోను మోగింది. మూడుసార్లూ గట్టు మీద దూరంగా నడిచాడు. ఆరోజు ఆయన సైకిలు తొక్కింది ఎక్కువో, ఫోను పట్టుకుని నడిచింది ఎక్కువో చెప్పడం కష్టం.

తెల్లారింది. సాయిలత నీళ్లకు పోయి, బిందె లేదు కాబట్టి కుక్కరు గిన్నెతో కాలువ గట్టెక్కుతుంటే గుడారం వెనక భూపాల్ గొంతు వినిపించింది.

"ఎన్నిసార్లు జెప్పాల్రా నగేశూ? తాళంచెవి పడ్తలేదంటే పడ్తలేదు, ఈమెనడిగితే అనుమానమొస్తది. పదింటికి ఎవన్నన్న పిల్సుకొచ్చి తాళం పలగ్గొట్టు. ఆ మగ్గం అవతల పారెయ్యి. ఆమె వచ్చేసరికి కోళ్ల జాలీలు బిగిచ్చి ఉండాలె... ఏమంటదిరా? రెండ్రోజులు మొఖం ముడుస్తది, మూడోనాడు అన్నం పెడ్తది. అందుకనే గద దీస్కొచ్చిన, లేకుంటే ఈ బరువుతోని ఈమెనెందుకు తెస్త?"

సాయిలత చేతిలో గిన్నె నిండుగా ఉంది, ఒక్క చుక్క తొణకలేదు. గది పోతుందన్నది ఆమెకు కొత్త సంగతి కాదు, దానికి పదిరోజులుగా తయారై ఉంది. మూడోనాడు అన్నం పెడ్తది అన్నాడే, అది దిగింది లోపలికి. ఎందుకంటే అది నిజం. స్కానింగు నుంచి వచ్చిన రోజు కూడా ఆమె అన్నం పెట్టింది. సైకిలు పాలాయనకు ఇచ్చిన రోజు పెట్టింది. చెప్పుతో కొట్టినట్టుండే మాటలు ఎన్నో విని, మూడోరోజు దాకా కూడా ఆగకుండా ఆ రాత్రికే పెట్టింది. ఆ మనిషి తన లెక్క తప్పుగా వేయలేదు. వేసిన లెక్కలో ఆ సీతాఫలం కూడా ఉంది.

గిన్నె దించి పొయ్యి ముట్టించింది. ఉప్మాకు ఉల్లిగడ్డ కోసింది. భూపాల్ పళ్లు తోముకుని స్నానం చేయడానికి కాలువకు పోగానే ఫోను తీసింది.

మొదటి ఫోను స్వాతికి. తర్వాతవి వరసగా. యాత్రకు బయల్దేరే ముందు వారమంతా కూర్చుని పద్నాలుగు పెళ్లి జాకెట్లు పూర్తి చేసి, కాగితాల్లో చుట్టి, పేర్లు రాసి ఆ గదిలోనే పెట్టింది. తిరిగొచ్చాక ఇద్దామనుకుంది. ఇప్పుడే ఇస్తే తప్పేముంది?

"అమ్మా, సుభద్రమ్మగారూ, మీ బిడ్డ జాకెటు అయిపోయింది. ఇయ్యాల పదింటికి ఇంటికి రాండ్రి. నేను ఊర్ల లేను, మా మరిది ఉంటడు. మంచోడు. షట్టర్ కాడ్నే నిలవడుండ్రి, ఎవరన్న తాళం ముట్టుకోవోతే ముట్టుకోనియ్యకుండ్రి, లోపల ముత్యాల పని, మగోళ్లు చెయ్యి పెడ్తే రాలిపోతయి. నేను వస్తున్న."

పద్నాలుగు మందికీ అదే మాట. మాచారెడ్డి పెళ్లివాళ్లయితే ఆటో మాట్లాడుకుని అందరం వస్తామన్నారు. రమ్మంది.

భూపాల్ ఉప్మా తిని బాగుందన్నాడు. ఇంకొంచెం పెట్టించుకున్నాడు. పది దాటాక, గుడారం మడుస్తుంటే, ఫోను మోగింది. ఈసారి ఆయన దూరంగా పోవడానికి టైం దొరకలేదు. నగేశ్ గొంతు స్పీకరు లేకుండానే పొలమంతా వినిపించింది.

"అన్నా! ఇంటి ముంగట ఇరవై మంది ఆడోళ్లున్నరే! సుత్తె పట్టుకొచ్చినోడు వాళ్లను జూసి పారిపోయిండు. ఒకామె నా కాలర్ పట్టుకున్నది. పెండ్లి ఎల్లుండంట, జాకెటేది అంటున్నది. అవ్వేమో లోపలికెళ్లి గడియ పెట్టుకున్నది. ఏం జెయ్యాల్నే?"

భూపాల్ ఫోను దించాడు. భార్యను చూశాడు. చాలా ఏళ్ల తర్వాత, ఏదో వెతుకుతున్నట్టు కాకుండా, మనిషిని చూసినట్టు చూశాడు.

"లతా... తాళంచెవేది?"

సాయిలత పసుపుతాడు పైకి లాగి చూపించి, మళ్లీ లోపల వేసుకుంది.

"అడిగితే ఇయ్యవని..." అన్నాడు.

"అడిగిండ్రా?"

ఆయన హెల్మెట్టు పట్టీ సర్దుకున్నాడు. "తమ్ముడే గదనే. నీదన్న, నాదన్న ఏమున్నది? ఇల్లు మనందరిది."

"అవును, మనందరిదే. మీరందరు మాట్లాడుకున్నరు."

ఆమె క్యారియర్ తాళ్లు విప్పింది. పొయ్యి దించింది, కుక్కరు దించింది, బియ్యం, పప్పు, ఉప్పు కారాల డబ్బా, మడిచిన గుడారం, రెండు దుప్పట్లు. అన్నీ వరసగా ఆయన కాళ్ల ముందు పెట్టింది. వీడియోలో అయితే చాలా అందంగా వచ్చేది.

"మీరు నిజాంసాగర్ పోయి రాండ్రి. ఫోన్ల అందరికి జెప్పిండ్రు గద," అంది.

"ఇవన్ని నేనెట్ల మోస్తనే? నా సైకిల్‌కు క్యారియర్ లేదు!"

"నాకు తెలుసు," అని పెడలు మీద కాలు పెట్టింది.

ఎల్లారెడ్డిలో కాలేజీ గేటు ముందు ఆగింది. గోడకు సైకిలు ఆనించి, పంపు దగ్గర నీళ్లు తాగి, యావరేజ్ స్పీడ్ పడిపోయేదాకా నిలబడింది. లింగంపేట దాటాక, నిన్న దిగిన దిగుడు ఇప్పుడు ఎక్కుడయింది. సగం దాకా తొక్కి, మిగతా సగం దిగి నడిపించింది. తొడలు మండాయి. తాడ్వాయి రావడానికి ఒక జన్మ పట్టింది. నిన్నటి ముసలామె మళ్లీ వడ్లలోనే ఉంది. ఖాళీ క్యారియర్ చూసి కడుపునిండా నవ్వి, నీళ్ల చెంబు ఎత్తి చూపించింది. సాయిలత ఆగి తాగింది.

ఇల్లు చేరేసరికి నాలుగు కావస్తోంది. ఒక్కరూ కదల్లేదు. షట్టరుకు వీపు ఆనించి స్వాతి కూర్చుంది, మెట్ల మీద మాచారెడ్డివాళ్లు, అరుగంతా చెప్పులు. నగేశ్ చేతిలో చాయ పళ్లెం ఉంది. నాలుగోసారట. మొదటిసారి చక్కెర డబ్బా ఎక్కడుందో దొరక్క ఉప్పు వేశాడని స్వాతి చెప్పింది.

"వదినా, గిట్ల జేస్తవా?" అన్నాడు నీరసంగా.

"గ్లాసులు కడిగి బోర్లియ్యి నగేశూ," అంది.

సాయిలత మోకాళ్ల మీద కూర్చుంది. మెడలో పసుపుతాడు విప్పకుండానే ముందుకు వంగి తాళం తీసింది. షట్టరు పైకి పోయింది. మగ్గం అక్కడే ఉంది, దాని మీద సగం కుట్టిన నెమలి అక్కడే ఉంది. పేర్లు చదివి పద్నాలుగు పొట్లాలూ ఇచ్చింది. ఆడవాళ్లు విప్పి చూసుకుని, వెలుతురుకు పట్టి, ఒకరిది ఒకరికి చూపించుకుంటున్నారు.

అప్పుడు గడియ తీసుకుని మంగవ్వ బయటికొచ్చింది. చుట్టూ చూసింది. కోడలి మెడలో పసుపుకొమ్ము ఉండాల్సిన చోట ఇనుప తాళంచెవి వేలాడటం చూసింది. గొంతు తగ్గించి, కొంగు కింద నుంచి పుస్తెలతాడు తీసి ముందుకు చాపింది.

"ఏస్కోవే తల్లీ. నలుగురు సూస్తుండ్రు."

సాయిలత సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు.

"మీ దగ్గర్నే ఉండనియ్యుండ్రి అత్తమ్మా," అంది. "నాకు దొంగల భయం ఇంకా పోలే."